పాత బండి పొగగొట్టమున తుప్పుపట్టిన సెన్సారు: తీయు విధానము, పంచాయతీ బాధ్యత

గ్రామ పంచాయతీ ఆస్తులలో భవనము, బావి, వీధి దీపములతోపాటు నేడు వాహనము కూడ చేరినది. తెలంగాణమున 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము వలన గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త సేకరణకును, సామాను తరలింపునకును చిన్న పికప్ బండ్లను నడుపుకొను పంచాయతీలును గలవు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. వానిలో చిట్టచివరిది సామూహిక ఆస్తుల నిర్వహణ. బండిని కొనుట ఒకనాటి పని. దానిని పది సంవత్సరములు చెడకుండ నడుపుట ప్రతిదినము చేయవలసిన పని.

బండి మరమ్మతు బిల్లు సమావేశమునకు వచ్చినపుడు సభ్యులు సామాన్యముగా మొత్తమును చూచి, సంతకము చేసి ఊరకుందురు. ఏ భాగము చెడినది, ఎందుచేత చెడినది, దానిని మార్చక తప్పదా యను ప్రశ్నలు అడుగువారు తక్కువ. అడుగవలెనన్న కొంత తెలిసియుండవలెను గదా! అందుచేత ఈ మాసము పాఠముగా, చిన్నదైనను పెద్ద ఖర్చునకు దారితీయు ఒక భాగమును గూర్చి వివరింపబడుచున్నది. అది పొగగొట్టమునకు బిగించియుండు ఆక్సిజన్ సెన్సారు. మెకానిక్కులు దీనిని ‘ఓ టూ సెన్సారు’ అందురు.

సెన్సారు చేయు పని

ఇంజనులో పెట్రోలు సరిగా మండుటకు గాలి తగిన పాళ్ళలో కలియవలెను. ఒక కిలో పెట్రోలునకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి తగ్గినచో పెట్రోలు సగము మండి, విషవాయువుగా పొగగొట్టము నుండి వెలువడును. గాలి హెచ్చినచో ఇంజను బలము తగ్గి, వేడెక్కును. ఈ పాళ్ళు కుదిరినవో లేదో పొగలో మిగిలిన ప్రాణవాయువును బట్టి తెలిసికొనవచ్చును. ఆ పరీక్షను సెన్సారు ఇంజను నడచుచున్నంత సేపును ఎడతెగక చేయుచుండును.

దాని కొనయందు జిర్కోనియా యను పింగాణి వంటి పదార్థము గలదు. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి మించినపుడు పొగలోని ప్రాణవాయువునకును, బయటి గాలిలోని ప్రాణవాయువునకును గల భేదమును బట్టి కొద్దిపాటి విద్యుత్తును పుట్టించును. పెట్రోలు హెచ్చుగా నున్నచో సుమారు 0.9 వోల్టు, గాలి హెచ్చుగా నున్నచో సుమారు 0.1 వోల్టు వచ్చును. ఇంజనును నడుపు కంప్యూటరు ఈ సంకేతమును చదివి పెట్రోలును హెచ్చించుటయో, తగ్గించుటయో చేయును. వంట చేయు ఇల్లాలు గరిటెతో రుచి చూచి ఉప్పు సరిచేయునట్లే ఇదియు.

జర్మనీ దేశపు బాష్ సంస్థ తయారుచేసిన ఇట్టి సెన్సారు 1976లో వోల్వో కారులలో తొలిసారిగా అమర్చబడినది. మన దేశమున 2010 ఏప్రిల్ 1 నుండి హైదరాబాదుతో సహా 13 నగరములలోను, 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను భారత్ స్టేజ్-4 నియమములు నాలుగు చక్రముల వాహనములకు అమలులోనికి వచ్చినవి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 వచ్చినది. కావున మారుతి ఓమ్ని, ఈకో, సూపర్ క్యారీ వంటి పెట్రోలు బండ్లకు ఈ సెన్సారు ఉండును. పాత డీజిలు ట్రాక్టరులకు సామాన్యముగా ఉండదు. భారత్ స్టేజ్-6 డీజిలు బండ్లకు పొగగొట్టముపై వేరు రకముల సెన్సారులు గలవు. వాని కొలతలు వేరైనను, తుప్పు విషయమున ఇచట చెప్పు జాగ్రత్తలు చాలవరకు వానికిని వర్తించును.

తుప్పు ఎట్లు పట్టును? హిమాయత్‌నగర్ దారి చెప్పు పాఠము

ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. ఇది వినుటకు వింతగా నుండినను నిజము. పెట్రోలులోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలియుటచే ఈ నీరు ఏర్పడును. బండి చాలసేపు ఎడతెగక నడచినపుడు గొట్టమంతయు కాగి ఆ ఆవిరి బయటికి పోవును. బండి కొద్ది దూరము పోయి ఆగి, మరల కొద్ది దూరము పోయి ఆగినచో గొట్టము చివరి వరకు కాగదు. ఆవిరి లోపలనే చల్లబడి నీరుగా నిలిచి ఇనుమును తినివేయును.

హైదరాబాదు నగరమున హిమాయత్‌నగర్ దారిని చూచిన ఈ సంగతి సులభముగా బోధపడును. లిబర్టీ కూడలి నుండి నారాయణగూడ కూడలికి గల దూరము కొద్దిపాటిదే. అచటి నుండి చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధులును చేరువయే. ఆ దారిలో పాలు, కూరగాయలు, అంగడి సరకులు దింపు చిన్న బండి అంగడి అంగడికి ఆగుచు, రద్దీలో అడుగడుగున నిలుచుచు సాగును. దినమంతయు తిరిగినను దాని గొట్టము చివర వరకు బాగుగా కాగు అవకాశము తక్కువ. వానకాలమున రోడ్లపై నిలిచిన నీరు క్రింది నుండి చిమ్మి, లోపలి తుప్పునకు బయటి తుప్పును తోడగును.

మన గ్రామములో ఇంటింటికి ఆగుచు చెత్త నెత్తుకొను బండి నడకయు ఇట్టిదే. పట్టణపు సరకు బండికిని, పల్లె చెత్త బండికిని ఈ విషయమున భేదము లేదు. పైగా చెత్త నుండి కారు తడి బండి క్రింది భాగమున పడుచుండును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి సముద్రతీర ప్రాంతములలో ఉప్పుగాలి వలన తుప్పు మరింత త్వరగా పట్టును. సెన్సారు మరలును, గొట్టమునకు గల రంధ్రపు మరలును ఏండ్ల తరబడి వేడికి కాగి, నీటికి తడిసి, తుప్పుతో ఒకటై పోవును. అందుచేతనే పాత బండి నుండి దానిని ఊడదీయుట కష్టమగుచున్నది.

చెడినదని నిర్ణయించుట

ముందుగా రోగనిర్ణయము, తరువాతనే చికిత్స. ఇంజను దీపము వెలిగినంత మాత్రమున సెన్సారు చెడినదని తలంపరాదు. ఈ క్రింది వానిని వరుసగా చూడవలెను.

మొదటిది: స్కానరు యంత్రముతో తప్పు సంఖ్యను చదివింపవలెను. పీ0135 యను సంఖ్య వచ్చినచో సెన్సారును కాచు హీటరు తీగ మార్గములో దోషమున్నదని అర్థము. ఆ సంఖ్యను మెకానిక్కు బిల్లుపై వ్రాయవలెను.

రెండవది: తీగలను చూడవలెను. బండిని ధాన్యపు కొట్టము చెంత నిలిపినచో ఎలుకలు తీగలను కొరుకును. తీగ తెగినచో దానిని సరిచేసిన చాలును.

మూడవది: ఫ్యూజును చూడవలెను.

నాలుగవది: సెన్సారునకు ముందున్న గొట్టము పగిలి గాలి పీల్చుచున్నదేమో చూడవలెను. పగులు ద్వారా గాలి చొరబడినచో మంచి సెన్సారు కూడ తప్పు సంకేతము నిచ్చును. అట్టి బండికి ఎన్ని సెన్సారులు మార్చినను ప్రయోజనముండదు.

ఊడదీయు విధానము

ఈ పని అనుభవము గల మెకానిక్కు చేతనే చేయింపవలెను. అయినను పని ఎట్లు జరుగవలెనో సభ్యులు తెలిసియున్న మేలు.

1. బండిని చదునైన నేలపై, ఆరుబయట నిలుపవలెను. చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డురాళ్ళు పెట్టవలెను. జాకీపై మాత్రమే నిలిపిన బండి క్రింద ఎవరును దూరరాదు. గట్టి ఇనుప స్టాండ్లు తప్పక ఉండవలెను. పై నుండి తుప్పు రాలును గనుక కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ధరింపవలెను.

2. బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. పిదప సెన్సారు తీగ చివరనున్న ప్లగ్గు కొక్కెమును నొక్కి విడదీయవలెను. తీగను పట్టి లాగరాదు.

3. ఇనుప తీగల బ్రష్షుతో సెన్సారు మొదటి చుట్టునున్న తుప్పును గీకి, చల్లబడిన గొట్టముపై తుప్పు వదల్చు నూనెను మరల మొదట వేయవలెను. ఒకసారి వేసి వెంటనే పానా పట్టుట తొందరపాటు. సాయంకాలము వేసి, రాత్రి విడిచి, ఉదయము మరల వేసినచో నూనె లోనికి ఇంకును. ఒక రాత్రి ఓపిక వందల రూపాయలను మిగుల్చును.

4. ఉదయము పై నూనెను గుడ్డతో తుడిచివేసి, తీగలను మరల కలిపి ఇంజనును కొన్ని నిమిషములు నడిపి ఆపవలెను. తరువాత బ్యాటరీ తీగను, ప్లగ్గును మరల విప్పవలెను. గొట్టము వెచ్చగా నుండగా ప్రయత్నించిన మరలు సులభముగా కదలును. ఎఱ్ఱగా కాగిన గొట్టము నెవ్వరును ముట్టరాదు. ఇంజను మూసిన షెడ్డులో నడుపరాదు.

5. ఈ సెన్సారులలో పెక్కింటికి 22 మిల్లీమీటర్ల పానా సరిపోవును. తీగ దూరుటకు ప్రక్కన చీలిక గల ప్రత్యేకమైన సాకెట్టు దొరకును. తుప్పు గట్టిగా నున్నచో చీలిక సాకెట్టు విచ్చుకొని మూలలను గుండ్రము చేయును. పాత సెన్సారు ఎటులను పనికిరాదు గనుక దాని తీగను కత్తిరించి, ఆరు మూలల రింగ్ పానాను పూర్తిగా దిగవేయుట ఉత్తమము. నోరు తెరచిన పానా దీనికి తగదు.

6. ముందు వెంట్రుకవాసి బిగించి, పిదప వదులు చేయవలెను. ఇందుచే తుప్పు పట్టు వీడును. కదలిన వెంటనే ఒక్కసారిగా త్రిప్పరాదు. పావు చుట్టు వెనుకకు, కొంచెము ముందుకు, మరల నూనె, ఇట్లు సాగవలెను. కిఱ్ఱుమను చప్పుడు వచ్చినచో మరలు చిరుగుచున్నవని గ్రహించి ఆగవలెను.

7. ఇంతకును రానిచో వేడి నుపయోగింపవచ్చును. సెన్సారును గాక, దాని చుట్టునున్న గొట్టపు భాగమును గ్యాసు మంటతో కాచవలెను. ఈ సెన్సారు మరల వ్యాసము చాల బండ్లలో 18 మిల్లీమీటర్లు. చుట్టునున్న ఇనుము సెన్సారు కంటె 200 డిగ్రీలు హెచ్చుగా కాగినచో రంధ్రము మిల్లీమీటరులో నూరింట నాలుగు వంతులు మాత్రమే పెరుగును. తుప్పు పట్టును విడిపించుటకు ఆ మాత్రమే చాలును.

మంటతో ప్రమాదము

ఏడవ అంశము విషయమున సభ్యులు చాల జాగరూకులై యుండవలెను. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు గొట్టములు, బ్రేకు గొట్టములు చేరువలో నున్నచో మంట పెట్టరాదు. సి.ఎన్.జి. సిలిండరు గల బండికి మంటయే కూడదు. దానిని గుర్తింపు పొందిన కేంద్రమునకు పంపవలెను. నూనె వేసిన వెంటనే కాల్చిన అంటుకొనును. కిరోసిను, పెట్రోలు పోసి తుప్పు వదల్ప జూచుట ప్రాణాంతకము. క్లోరిను గల బ్రేకు శుభ్రపరచు ద్రవమును చల్లిన చోట మంట తగిలినచో ఫాస్జీన్ అను విషవాయువు పుట్టవచ్చును. మంట పెట్టునపుడు ఇసుక బకెట్టు, అగ్నిమాపక సాధనము దగ్గర నుండవలెను. ఇరువురు పనివారు తప్పక ఉండవలెను.

మరలు చెడినచో

సెన్సారు వచ్చిన తరువాత రంధ్రపు మరలను తగిన ట్యాపుతో శుభ్రపరుపవలెను. ట్యాపునకు గ్రీజు పూసినచో ఇనుప రజను దానికే అంటుకొని లోపల పడదు. మరలు చిరిగిపోయినచో రెండు మార్గములు గలవు. ఉక్కు గొట్టమైనచో పాత భాగమును కోసి కొత్త నట్టును వెల్డింగు చేయవచ్చును. పోత ఇనుపదైనచో వెల్డింగు చేసిన చోట పగులునను భయము గలదు గనుక మరల తొడుగు వేయుట మేలు. రెండును లేతు పని తెలిసినవాడు చేయగలిగినవే. “గొట్టమంతయు మార్చవలె”నని చెప్పినచో, ఈ రెండు మార్గములు ఎందుకు కుదరవో అడుగుట సభ్యుల హక్కు. విద్యుత్ వెల్డింగు చేయునపుడు బ్యాటరీ తీగ విప్పియుండవలెను. లేనిచో ఇంజను కంప్యూటరు చెడిపోవచ్చును.

కొత్తది బిగించుట

కొత్త సెన్సారు కొనను చేతితో ముట్టరాదు. దానికి నూనెగాని, గ్రీజుగాని తగులరాదు. మరలకు మాత్రము, సెన్సారులకై ప్రత్యేకముగా చేయబడిన, పట్టుకొనకుండ చేయు పూతను పలుచగా పూయవలెను. కొన్ని సెన్సారులకు ఆ పూత కర్మాగారములోనే వేయబడి వచ్చును. వానికి మరల పూయనక్కరలేదు. సాధారణ సిలికాను జిగురును దగ్గర వాడినచో దాని ఆవిరి సెన్సారును పాడుచేయును. మొదట చేతితో త్రిప్పి, మరలు సరిగా పడినవని తెలిసిన తరువాతనే పానా పట్టవలెను. బండి తయారీదారు చెప్పిన బిగువే ప్రమాణము. అది పెక్కు బండ్లలో సుమారు 40 నుండి 45 న్యూటన్ మీటర్లు. అనగా 25 సెంటీమీటర్ల పిడి గల పానా చివర సుమారు 17 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము. ఇంతకు మించి బిగించుట ముందునాటి కష్టమునకు బీజము వేయుటయే. తీగ వేడి గొట్టమునకు, తిరుగు భాగములకు తగులకుండ కట్టవలెను.

పని ముగిసిన పిదప తప్పు సంఖ్యను చెరిపి, బండిని కొంత దూరము నడిపి, దీపము మరల వెలుగలేదని చూచి, కాలుష్య పరీక్ష చేయింపవలెను. భారత్ స్టేజ్-4 పెట్రోలు బండి నిలిచి నడచునపుడు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 0.3 వంతులకు మించరాదు. పరీక్షా పత్రమే మరమ్మతు సఫలమైనదని చెప్పు సాక్ష్యము.

ఉపేక్షించినచో నష్టమెవరికి?

“దీపము వెలిగిన నేమి, బండి నడచుచున్నది గదా” యని కొందరందురు. కొందరు దీపము కనబడకుండ దానిపై నల్లని టేపు అంటింతురు. ఇట్టివారు మూడు నష్టములను గుర్తింపవలెను.

మొదటిది పెట్రోలు. ఉదాహరణకు, లీటరునకు 15 కిలోమీటర్లు నడచు బండి 12 కిలోమీటర్లకు దిగినదనుకొనుడు. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగినచో 80 లీటర్లకు బదులు 100 లీటర్లు కావలెను. సంవత్సరమునకు 240 లీటర్లు పొగలో కలిసినట్లే.

రెండవది కన్వర్టరు. పొగగొట్టములో విషవాయువులను తగ్గించు కేటలిటిక్ కన్వర్టరు అను భాగము గలదు. మండని పెట్రోలు దానిలోనికి పోయి మండినచో అది అతిగా కాగి కరగిపోవును. అందులో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువైన లోహములు గలవు. అందుచేత దాని వెల సెన్సారు వెలకు ఎన్నియో రెట్లు.

మూడవదియు, అన్నిటికంటె పెద్దదియు, మనుష్యుల ఆరోగ్యము. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. చెత్త బండి వెనుక నడచుచు, ఇంటింటి బుట్టను ఎత్తి పోయు పారిశుద్ధ్య కార్మికురాలు ప్రతి ఉదయము గంటల తరబడి ఆ గొట్టము చెంతనే నిలుచును. ఆ పొగను ఆమె పీల్చును. వాకిట నిలిచి చూచు చిన్న పిల్లలును పీల్తురు. ఊరిని శుభ్రము చేయుటకు కొన్న బండియే ఊరి గాలిని చెఱచుట తగునా? తలనొప్పి, కండ్లు తిరుగుట యని ఆమె చెప్పినపుడు, దానిని అలసట యని కొట్టివేయక, బండిని పరీక్షింపవలెను.

పంచాయతీ పాటింపవలసిన నియమములు

బండికి లాగ్ పుస్తకము ఉండవలెను. ప్రతిదినము తిరిగిన దూరము, పోసిన పెట్రోలు వ్రాసినచో లీటరునకు వచ్చు దూరము తగ్గిన వెంటనే తెలియును. దీపము వెలిగిన తేదీని డ్రైవరు అందులోనే వ్రాయవలెను.

మరమ్మతునకు ముందు అంచనాను వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. అందులో తప్పు సంఖ్య, భాగము పేరు, కూలి విడివిడిగా ఉండవలెను. హైదరాబాదున రాణిగంజ్ అంగళ్ళలో బండ్ల విడిభాగములు విరివిగా దొరకును. అచట ధర విచారించి అంచనాతో పోల్చి చూచుట మంచిది. బండి నమూనా, తయారీ సంవత్సరము, పాత సెన్సారుపై ముద్రించిన సంఖ్య వ్రాసికొని పోయినచో తప్పు భాగము కొను ప్రమాదము తప్పును. చవుక యని పేరు లేని సరకు కొనరాదు.

తీసిన పాత భాగములు కార్యాలయమునకు తిరిగి రావలెను. ముఖ్యముగా కన్వర్టరు మార్చినచో పాతదానిని తప్పక అడిగి తీసికొనవలెను. అందలి లోహముల వలన తుక్కుగా కూడ దానికి మంచి వెల గలదు; ఆ వెల పంచాయతీ నిధికి చెందవలసినది.

వారమునకు ఒకసారియైనను బండిని అరగంట సేపు ఆగకుండ నడిపినచో గొట్టములోని నీరు ఆవిరియై పోవును. వానకాలమునకు ముందును, వెనుకను బండి క్రింది భాగమును కడిగి ఆరబెట్టవలెను. కడిగినపుడు నీటి ధార సెన్సారు ప్లగ్గుపై పడరాదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీ బండి పెట్రోలుదా, డీజిలుదా, సి.ఎన్.జి.దా? అది ఏ భారత్ స్టేజ్ ప్రమాణమునకు చెందినది?

2. గత ఆరు మాసములలో లీటరునకు వచ్చిన దూరము ఎంత? తగ్గినచో ఏల తగ్గినది?

3. కాలుష్య పరీక్షా పత్రము గడువు ఎప్పటితో ముగియును?

4. గత మరమ్మతులలో తీసిన పాత భాగములు ఎచట నున్నవి?

5. బండి వెంట పనిచేయు కార్మికులను పొగ విషయమై ఎవరైనను అడిగిరా?

ఈ అయిదు ప్రశ్నలకు సమాధానములు లాగ్ పుస్తకము నుండియు, కార్మికుల నోటి నుండియు లభించును. వచ్చు సమావేశమునకు ముందు ఒక సభ్యుడో, సభ్యురాలో బాధ్యత వహించి వీనిని సేకరించి చదివి వినిపించినచో, బిల్లుపై సంతకము చేయు చేతికి బండి స్థితి కూడ తెలిసియుండును.